జీ4560నా, రైజెన్ 3 1200నా: రెండు చవక ప్రాసెసర్ల వెనకున్న కథ

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పాత డెస్క్‌టాప్‌ను ఉంచుకోవాలా, అమ్మేయాలా, సెకండ్ హ్యాండ్‌లో ఇంకోటి కొనాలా అన్న లెక్కలు చాలా ఇళ్లలో అప్పటి నుంచే మొదలయ్యాయి. తక్కువ డబ్బుతో కొనాలనుకునేవాళ్లకు తరచూ ఎదురయ్యే పేర్లు రెండు: ఇంటెల్ పెంటియం జీ4560, ఏఎండీ రైజెన్ 3 1200. రెండూ 2017లోనే వచ్చాయి. ఏది మేలో తేల్చాలంటే బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) అంకెలు ఒక్కటే సరిపోవు. అసలు ఇవి ఆ ధరకు ఎలా వచ్చాయో తెలియాలి.

జీ4560 2017 జనవరిలో 64 డాలర్లకు వచ్చింది. రెండు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు), 3.5 గిగాహెర్ట్జ్ వేగం. ఆ "నాలుగు థ్రెడ్లు" అన్నదే అప్పట్లో పెద్ద వార్త. ఒక కోర్ ఒకేసారి రెండు పనుల వరుసలను నడిపించే హైపర్ థ్రెడింగ్‌ను ఇంటెల్ 2002లోనే 3.06 గిగాహెర్ట్జ్ పెంటియం 4తో ఇళ్లలోని కంప్యూటర్లకు తెచ్చింది. కోర్ ఐ3, ఐ5, ఐ7 పేర్లు వచ్చాక మాత్రం డెస్క్‌టాప్‌లలో పెంటియంను కింది మెట్టుకు దించి, దానికి ఆ సౌకర్యం లేకుండా చేసింది. నాలుగు థ్రెడ్లు కావాలంటే ఐ3కి పోవాల్సిందే, అంటే వంద డాలర్లు దాటాల్సిందే.

ఇక్కడ 2010 నాటి ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ ఏడాది ఇంటెల్ అమెరికాలో పెంటియం జీ6951 అనే ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్లతో ఒక ప్రయోగం చేసింది. 50 డాలర్లు పెట్టి ఒక కార్డు కొని, దాని మీది కోడ్‌ను కంప్యూటర్లో ఎక్కిస్తే హైపర్ థ్రెడింగ్, ఇంకొంచెం క్యాష్ మెమరీ (చిప్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) తెరుచుకునేవి. చిప్ మారదు, కొత్త భాగం ఏదీ రాదు. కొన్నవాడి చేతిలో అప్పటికే ఉన్న సిలికాన్‌కు వేసిన తాళం తీయడానికి మళ్లీ డబ్బు. గొడవ బాగా జరిగింది, 2011లో పథకం ఆగిపోయింది. చవక ప్రాసెసర్ అంటే తయారీలో తక్కువ ఖర్చయినది అని మనం అనుకుంటాం. చాలాసార్లు అది ఖరీదైన చిప్‌లో కొంత భాగాన్ని కావాలని ఆపేసినది. ఎంత ఆపాలన్నది కంపెనీ చేతిలో ఉంటుంది. ఎదురుగా పోటీ ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి ఆ నిర్ణయం మారుతుంది.

ఆ పోటీ చాలాకాలం లేకుండా పోయింది. ఏఎండీ 2011 అక్టోబర్‌లో బుల్డోజర్ డిజైన్‌తో ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్లను తెచ్చింది. కోర్లు ఎనిమిదని చెప్పుకున్నా, రెండేసి కోర్లకు కలిపి దశాంశ లెక్కలు చేసే యూనిట్ ఒకటే. ఒక్కో కోర్ వేగంలో ఇంటెల్‌కు బాగా వెనకబడింది, కరెంటు ఎక్కువ లాగింది. 2015లో ఏఎండీ షేరు రెండు డాలర్ల కిందికి పడింది. ఆ ఏళ్లలో ఇంటెల్ పెంటియంలు రెండు కోర్లు, రెండు థ్రెడ్ల దగ్గరే ఆగిపోయాయి. ఆటలేమో నాలుగు థ్రెడ్లు కోరడం మొదలుపెట్టాయి. 2014లో వచ్చిన ఫార్ క్రై 4 రెండు థ్రెడ్ల ప్రాసెసర్ల మీద మొదట నల్ల స్క్రీన్ దగ్గరే నిలిచిపోయింది.

ఏఎండీ లోపల మాత్రం 2012లో తిరిగొచ్చిన చిప్ డిజైనర్ జిమ్ కెల్లర్ ఆధ్వర్యంలో జెన్ అనే కొత్త డిజైన్ తయారవుతోంది. రైజెన్ ప్రాసెసర్లకు ఆధారం ఇదే. 2014 అక్టోబర్‌లో లీసా సూ సీఈవో అయ్యారు. 2016 చివరికల్లా జెన్ వస్తోందన్న సంగతి పరిశ్రమలో అందరికీ తెలిసిపోయింది.

సరిగ్గా ఆ సమయంలో, 2017 జనవరిలో, జీ4560తో ఇంటెల్ పెంటియం తాళం తీసింది. అదే నెలలో వచ్చిన 117 డాలర్ల ఐ3-7100లోనూ రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లే. ముఖ్యమైన తేడాలు మూడే: వేగం 3.9 గిగాహెర్ట్జ్, కాస్త మెరుగైన గ్రాఫిక్స్, పెద్ద లెక్కలను వేగంగా చేయించే ఏవీఎక్స్ సూచనల మద్దతు. దాదాపు సగం ధరకు అంత దగ్గరి పనితనం దొరుకుతుంటే ఐ3 కొనడానికి కారణం మిగల్లేదు. ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడపడం) చేసుకునేవాళ్ల కోసమని ఇంటెల్ అప్పుడే తెచ్చిన ఐ3-7350కే ధర 168 డాలర్లు, అదీ రెండు కోర్లకే. జెన్ భయంతోనే జీ4560 వచ్చిందని ఇంటెల్ ఎక్కడా చెప్పలేదు. కానీ ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చున్న సౌకర్యాన్ని రైజెన్ రావడానికి రెండు నెలల ముందు వదలడం కాకతాళీయమని నేను నమ్మను. కొన్నాళ్లకే చాలాచోట్ల జీ4560 స్టాక్ కరువై, ధర పెరిగింది.

రైజెన్ 3 1200 అదే ఏడాది జూలై 27న 109 డాలర్లకు వచ్చింది. నాలుగు నిజమైన కోర్లు, నాలుగు థ్రెడ్లు, 3.1 నుంచి 3.4 గిగాహెర్ట్జ్. ఇది కూడా కోత పడ్డ చిప్పే: రైజెన్ 7లో ఉండే ఎనిమిది కోర్ల సిలికాన్‌లో సగం ఆపేసి అమ్మారు. కానీ ఓవర్‌క్లాక్‌కు తాళం వేయలేదు. బీ350 మదర్‌బోర్డ్ ఉంటే, పెట్టెలో వచ్చిన కూలర్‌తోనే 3.8 గిగాహెర్ట్జ్ దాకా చాలామంది తీసుకెళ్లారు. ఏ320 బోర్డుల్లో ఆ అవకాశం లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు బోర్డు పేరు అడగడం అందుకే ముఖ్యం.

పనితనం సంగతికొస్తే, ఒక్క థ్రెడ్ మీద నడిచే పనుల్లో జీ4560దే పైచేయి. ఫైళ్లు తెరవడం, వెబ్ పేజీలు, ఎక్సెల్ లాంటి వాటిలో రెండింటి మధ్య తేడా కంటికి కనపడదు. అన్ని కోర్లూ పనిచేసే చోట, అంటే వీడియో ఎన్‌కోడింగ్, పెద్ద ఫైళ్ల జిప్, రెండరింగ్‌లలో 1200 సుమారు నాలుగో వంతు ముందుంటుంది. ఓవర్‌క్లాక్ చేస్తే ఇంకా ఎక్కువ. ఆటల్లో సెకనుకు వచ్చే సగటు ఫ్రేములు రెండింటికీ దగ్గరగానే వచ్చేవి కానీ, బరువైన ఆటల్లో జీ4560 నూరు శాతం లోడ్‌కు చేరి మధ్యమధ్యలో కుదుపులు వచ్చేవి. సగటు అంకె ఒక్కటే చూసి నిర్ణయించుకున్నవాళ్లకు ఆ ఇబ్బంది కొన్నాకే తెలిసింది.

మన దగ్గర లెక్క మరోలా తేలింది. జీ4560లో గ్రాఫిక్స్ ఉన్నాయి, 1200లో లేవు. అంటే 1200 కొంటే తెర మీద బొమ్మ రావడానికే వేరే కార్డు కొనాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి పిల్లల చదువు కోసమో, మీసేవ కౌంటర్ కోసమో కంప్యూటర్ కట్టించుకునేవారికి ఆ అదనపు ఖర్చు చిన్నదేం కాదు. గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ కొనే గేమర్లకే 1200 సరైన ఎంపిక అయింది. నా ఉద్దేశంలో జీ4560 గొప్పతనం ఆటల్లో లేదు, సాధారణ ఇంటి కంప్యూటర్‌ను అంత తక్కువలో సాధ్యం చేయడంలో ఉంది.

ఈ పోటీ ఎక్కువ కాలం నడవలేదు. 2017 అక్టోబర్‌లో ఇంటెల్ ఐ3-8100ను నాలుగు కోర్లతో, అదే 117 డాలర్లకు తెచ్చింది. తొమ్మిది నెలల్లో ఐ3 కోర్లు రెట్టింపయ్యాయి. 2018 ఫిబ్రవరిలో ఏఎండీ రైజెన్ 3 2200జీని 99 డాలర్లకు ఇచ్చింది: నాలుగు కోర్లు, దానితోపాటే మంచి గ్రాఫిక్స్. కొత్తగా కొనేవారికి ఆ రోజుతో పాత ప్రశ్న తీరిపోయింది.

ఇక అప్పటికే కొన్నవాళ్ల సంగతి. 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపం ఇంటెల్‌ను తాకింది, ఏఎండీని తాకలేదు. అప్పుడే బయటపడ్డ స్పెక్టర్ అనే మరో లోపం రెండింటినీ తాకింది. 2019 మేలో ఇంటెల్ చిప్‌లలో మరికొన్ని లోపాలు తేలినప్పుడు గూగుల్ తన ఆపరేటింగ్ సిస్టమ్ క్రోమ్ ఓఎస్‌లో హైపర్ థ్రెడింగ్‌నే ఆపేసింది. జీ4560లో దాన్ని ఆపితే మిగిలేది పాత తరం రెండు థ్రెడ్ల పెంటియమే. ఇంట్లో వాడుకునేవాళ్లు చాలావరకు ఆపలేదు, ఆపాల్సినంత అవసరమూ వాళ్లకు లేదు. అయినా డబ్బు పోసి కొన్నది దేనికోసమో, సరిగ్గా దానిమీదే అనుమానం పడింది.

అసలు తేడా తెచ్చింది సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. ఐ3-8100 కూడా పేరుకు ఎల్‌జీఏ 1151 సాకెట్‌దే కానీ, దానికి కొత్త 300 సిరీస్ బోర్డు కావాలని ఇంటెల్ నిబంధన పెట్టింది. బయోస్ (బోర్డును నడిపించే సాఫ్ట్‌వేర్) మార్చి పాత బోర్డుల మీద నడిపించిన ఔత్సాహికులు ఉన్నారు కానీ, అది అందరూ చేసుకునే పని కాదు. మామూలుగా అయితే జీ4560 బోర్డుకు ఆఖరి మెట్టు ఏడో తరం ఐ7. ఏఎండీ ఏఎం4 సాకెట్‌ను కొనసాగించింది. 2022లో, వాడకందార్ల ఒత్తిడి తర్వాత, మొదటి తరం 300 సిరీస్ బోర్డులకూ రైజెన్ 5000 ప్రాసెసర్ల మద్దతు ఇచ్చింది. 2017లో 1200 పెట్టుకున్న బోర్డు మీదే ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్ల రైజెన్ 5 5600 నడుస్తుంది. బోర్డు కంపెనీ ఆ బయోస్ ఇచ్చిందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ రెండూ లేవు. ప్రాసెసర్‌ను అలాగే ఉంచి వాడేట్టయితే రెండింటికీ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్సే దారి. ఆ పనికి, గ్రాఫిక్స్ కార్డు లేకుండా చాలా తక్కువలో దొరికితే, జీ4560 ఇప్పటికీ తీసుకోదగ్గదే. ఏవీఎక్స్ లేదు కాబట్టి కొన్ని కొత్త ఆటలు, సాఫ్ట్‌వేర్లు దానిమీద అసలు తెరుచుకోవు. కొద్దిగా ఎక్కువ పెట్టగలిగితే మంచి బీ350 బోర్డుతో ఉన్న 1200 తీసుకోమంటాను. ఆ బేరంలో చూడాల్సింది ప్రాసెసర్‌ను కాదు, బోర్డును. 1200ను ఏడాదో రెండేళ్లో వాడుకుని, ఆ తర్వాత అందులోనే 5600 వేసుకుంటే విండోస్ 11కూ దారి దొరుకుతుంది.