నవమి నాటి పోటు

పిల్లలూ,

మీ కాగితం అందింది. ఉప్పుటేరు రేవులో వెదురుబొంగు పాతి, సముద్రపు పోటు ఏ వేళకి నిండుతోందో, ముందు రోజుకన్నా ఎన్ని నిమిషాలు ఆలస్యమో తొమ్మిది రోజులు రాశారు. ఎండలో అన్ని రోజులు మానకుండా వెళ్లడమే పెద్ద పని. అయితే ఏడో రోజు అంకెను రబ్బరుతో చెరిపి దిద్దారు. వెలుతురుకి పట్టి చూస్తే కింద 70 కనిపిస్తోందర్రా!

పోటు రోజుకి 50 నిమిషాలు ఆలస్యమవుతుందని పుస్తకంలో ఉంది కాబట్టి భయపడ్డారు. అది సగటు మాత్రమే. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరుసలో లాగే పున్నమి, అమావాస్యలకి ఆ ఆలస్యం తగ్గుతుంది. అష్టమి దాటాక గంటకి పైనే. గోడ మీద క్యాలెండర్ చూడండి, ఆ రోజు నవమి. బొంగు నిజమే చెప్పింది.

నేనూ ఆ పని చేసినవాణ్నే. ఉద్యోగం కొత్తలో నూతినీళ్లలో ఉప్పు కొలిచేవాణ్ని. నీళ్లలో పసుపు రంగు క్రోమేట్ చుక్కలు వేసి, సిల్వర్ నైట్రేట్ బొట్టుబొట్టుగా వదిలితే, ఉప్పులోని క్లోరైడు అయిపోగానే ఇటుక రంగు తిరుగుతుంది. ఒక నూతికి బ్యూరెట్, అంటే ఆ బొట్లు వదిలే గీతల గొట్టం, సగం ఖాళీ అయినా రంగు తిరగలేదు. సీసా సరిగా కడగలేదనుకుని పక్క నూతి అంకె ఎక్కించేశాను. మళ్లీ పంటు దాటి సైకిల్ తొక్కడానికి బద్ధకం, అసలు సంగతి అదీ. మన ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంటుంది. ఎక్కువ తోడితే కిందిది పైకొస్తుంది. మరుసటి వేసవికి ఆ నీళ్లతో పప్పు ఉడకలేదు. ఆ ఇంటావిడ నన్నేమీ అనలేదు, అదే ఇంకా గుచ్చుకుంటుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అలా దిద్దలేదు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిన మనిషి ఆయన. హార్వర్డ్‌లో ఫిస్క్ గారితో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు: మందు కలిపితే, ఫాస్ఫరస్ ఉండే ఫాస్ఫేటు ఎంత ఉంటే నీలం అంత చిక్కన. కండ నుంచి తీసిన ద్రవంలో మాత్రం నీలం వెంటనే రాక, మెల్లమెల్లగా ముదిరింది. మందు పాడైందని పారబొయ్యొచ్చు. వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఫాస్ఫేటును నిదానంగా వదులుతున్న పదార్థం బయటపడింది: ఫాస్ఫోక్రియాటిన్, 1927. మీరు రేవుకి పరుగు తీస్తే తొలి క్షణాల్లో కండకి శక్తినిచ్చేది అదే.

ఏడో రోజు దగ్గర 70 తిరిగి వెయ్యండి. బొంగు పీకెయ్యకండి, అమావాస్య దగ్గరపడింది. ఈసారి పెన్నుతో రాయండి.

మీ తాతయ్య