ఫొటోలు కలిపి పానోరమా చేయడం: కొత్తవాళ్ల అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఆదివారం పొద్దున్నే కెమెరా పట్టుకుని బయల్దేరే మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకు పానోరమా, అంటే పక్కపక్కగా తీసిన ఫొటోలను కలిపి ఒకే వెడల్పాటి ఫొటోగా చేయడం, నేర్పిస్తుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా అడిగే ప్రశ్నలు దాదాపు అవే. ఫొటోలు కలిపేది సాఫ్ట్‌వేరే, నిజమే. కానీ అవి ఒకదానితో ఒకటి కలిసేలా తీయాల్సింది మనం, అదీ అక్కడ నిలబడి ఉన్నప్పుడే. ఇంటికొచ్చాక సరిచేసుకోవచ్చులే అనుకోవడం దగ్గరే చాలా అపోహలు మొదలవుతాయి.

అపోహ: "ఫోన్లో పానో మోడ్ ఉందిగా అన్నా, విడివిడిగా తీసి కలపడం దేనికి?"

వాస్తవం: పానో మోడ్‌లో మనం ఫోన్ తిప్పుతున్నంతసేపూ అది సన్నటి నిలువు ముక్కలు తీసుకుంటూ అతికించుకుంటూ పోతుంది. కొండలకూ చెరువులకూ పర్వాలేదు. అదే ఎంజీ రోడ్డులో తీసి చూడండి. ఫోన్ తిరిగే వైపే వెళ్తున్న బస్సు బారుగా సాగిపోతుంది, ఎదురొచ్చే బస్సు పొట్టిగా నొక్కుకుపోతుంది. విడిగా తీస్తే ప్రతి ఫ్రేమూ పూర్తి ఫొటో, అతుకు ఎక్కడ పడాలో మనమే చూసుకోవచ్చు. పైగా వివరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాను నిలువుగా పట్టుకుని 30 శాతం ఓవర్‌ల్యాప్‌తో (అంటే పక్క ఫ్రేముల్లో రెంటిలోనూ పడే భాగం అంత ఉండేలా) 6 ఫ్రేములు తీస్తే, కలిపాక సుమారు 18,000 x 6,000 పిక్సెళ్లు వస్తాయి. అంచులు కత్తిరించినా దగ్గర దగ్గర 5 అడుగుల ప్రింటు శుభ్రంగా వేయించుకోవచ్చు.

అపోహ: ట్రైపాడ్ లేకపోతే పానోరమా కుదరదు. ట్రైపాడ్ ఉంటే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: రెండు మాటలూ తప్పే. దీనికి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ల ఫొటోలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

ముందు ఒక చిన్న పరీక్ష. ఒక కన్ను మూసుకుని, చెయ్యి చాపి బొటనవేలు పైకెత్తండి. వేలిని కదపకుండా తలను మాత్రం అటూ ఇటూ తిప్పండి. వెనకున్న కరెంటు స్తంభం ముందు వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. తల తిరిగేది మెడ మీద, కన్ను ఉండేది దానికి ముందు. అందుకే తల తిరిగినప్పుడల్లా కన్ను చోటు మారుతుంది. కెమెరాతోనూ అంతే. దీన్నే పారలాక్స్ అంటారు. ఒక ఫ్రేములో స్తంభానికి ఎడమవైపు ఉన్న కిటికీ పక్క ఫ్రేములో స్తంభం వెనక్కి వెళ్లిపోతే, ఆ రెంటినీ ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా కలపలేదు. ఎక్కడో ఒకచోట స్తంభం విరిగినట్టు కనిపిస్తుంది.

బెంగళూరు లాల్‌బాగ్ తోటలోనే రెండు చోట్ల తీసి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ పెద్ద బండ (సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అది) మీద నిలబడి దూరంగా ఉన్న భవనాలను తీసేటప్పుడు ట్రైపాడ్ అవసరమే లేదు. దగ్గరి వస్తువు ఫ్రేములో లేకుండా చూసుకుంటే చాలు. కెమెరా నాలుగంగుళాలు జరిగినా కిలోమీటర్ల దూరంలో ఉన్న భవనాలకు తేడా తెలియదు. అదే గ్లాస్ హౌస్‌లోకి వెళ్లండి. పక్కనే ఇనుప స్తంభాలు, వాటి వెనక మళ్లీ స్తంభాలు, పైన కమ్మీలు. ఇక్కడ కెమెరాను ఉత్త ట్రైపాడ్ మీద పెట్టి తిప్పినా అతుకులు బయటపడతాయి. ట్రైపాడ్ స్క్రూ కెమెరా అడుగున ఉంటుంది, తిప్పాల్సిన ఇరుసు లెన్సులో ఉంటుంది. ముందు నుంచి లెన్సులోకి చూస్తే అపర్చర్ రంధ్రం (వెలుతురు లోపలికి వెళ్లే సందు) ఏ లోతులో కనిపిస్తుందో, ఇరుసు అక్కడ ఉండాలి.

దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. కెమెరాను ముందుకీ వెనక్కీ జరపడానికి వీలైన ఒక రెయిల్ కావాలి. దగ్గర్లో ఒక కర్ర, దూరంగా ఇంకో కర్ర ఒకే వరసలో ఉండేలా పెట్టుకోండి. కెమెరాను కుడికి తిప్పినప్పుడు దగ్గరి కర్ర ఎడమకు జరిగినట్టు కనిపిస్తే కెమెరాను వెనక్కి జరపండి. కుడికి జరిగితే ముందుకు జరపండి. ఎటు తిప్పినా రెండు కర్రలూ ఒకదాని వెనక ఒకటి అలాగే ఉంటే చోటు దొరికినట్టే. అక్కడ రెయిల్ మీద గుర్తు పెట్టుకోండి. జూమ్ లెన్స్ అయితే ఒక్కో ఫోకల్ లెంగ్త్‌కూ గుర్తు వేరు.

ట్రైపాడ్ పెట్టనివ్వని చోటికి ఒక ఉపాయం. లెన్స్ కింద ఒక దారం కట్టి, దాని కొసకు ఒక నట్టు వేలాడదీయండి. నేల మీద చిన్న రాయి గుర్తుగా పెట్టి, ప్రతి ఫ్రేముకూ ఆ నట్టు రాయి మీదే ఉండేలా చూసుకుంటూ కెమెరా చుట్టూ మీరు తిరగండి. చేతులు చాపి నడుము తిప్పే అలవాటు మానుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది.

అపోహ: వైడ్ లెన్స్ ఉంటే మంచిది, ఓవర్‌ల్యాప్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

వాస్తవం: మొదలుపెట్టేవాళ్లకు ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (36 x 24 ఎంఎం సెన్సర్ ఉన్నది) మీద 35 నుంచి 50 ఎంఎం చాలు. 50 ఎంఎం లెన్స్‌ను నిలువుగా పట్టుకుంటే అడ్డంగా సుమారు 27 డిగ్రీలు పడుతుంది. 120 డిగ్రీలకు 6 ఫ్రేములు సరిపోతాయి. వైడ్ లెన్సుకు ఫ్రేములు తగ్గుతాయి కానీ అంచులు సాగుతాయి, మూలల నీడ ఆకాశంలో చారలుగా తేలుతుంది, దూరపు కొండలు చీమలంత అవుతాయి. ఓవర్‌ల్యాప్ 30 శాతం చుట్టుపక్కల ఉంచండి. అంతకంటే ముఖ్యమైనది, ఆ ఓవర్‌ల్యాప్‌లో ఏముంది అన్నది. సాఫ్ట్‌వేర్ రెండు ఫొటోల్లోనూ మూలలు, మచ్చలు, గీతల లాంటి గుర్తులు వెతికి జత చేసుకుంటుంది. అలా గుర్తులు వెతకడానికి కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ లోవ్ 1999లో ప్రకటించిన సిఫ్ట్ (SIFT) పద్ధతి మీదే 2003లో మాథ్యూ బ్రౌన్, లోవ్ కలిసి పానోరమాలను వాటంతటవే కలిపే దారి చూపించారు. నంది కొండ మీద తెల్లారుజామున మంచు కమ్మేసినప్పుడు తీసిన ఫ్రేములో అంతా తెలుపే అయితే, 60 శాతం ఓవర్‌ల్యాప్ ఇచ్చినా జత చేయడానికి ఏమీ ఉండదు. ప్రతి జతలో ఒక చెట్టు కొమ్మో, కొండ అంచో పడేలా తీయండి.

అపోహ: వెలుతురు తేడాలు సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, ఆటోలో ఉంచొచ్చు.

వాస్తవం: కొంతవరకు చూసుకుంటుంది. అతుకు దగ్గర రంగుల పెద్ద మార్పులను వెడల్పుగా, సన్నటి వివరాలను ఇరుకుగా కలిపే పద్ధతి 1983 నుంచే ఉంది, బర్ట్, అడెల్సన్ అనే ఇద్దరిది. కానీ సూర్యుడి వైపు ఫ్రేములో తెల్లగా మాడిపోయిన ఆకాశాన్ని అది తిరిగి తేలేదు. ఎం మోడ్‌లో (మాన్యువల్, అన్నీ మనమే పెట్టుకునేది) పెట్టండి. వెలుతురు ఎక్కువున్న వైపు చూసి ఎక్స్‌పోజర్ (ఫొటోలో ఎంత వెలుతురు పడాలన్నది) నిర్ణయించి, చివరిదాకా అదే ఉంచండి. రంగుల తీరును నిర్ణయించే వైట్ బ్యాలెన్స్‌ను డేలైట్‌లో పెట్టండి. ఒకసారి ఫోకస్ చేశాక మాన్యువల్‌కు మార్చేయండి. ఫోన్లో అయితే స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలావాటిలో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి, లేదంటే ఆకాశం ఒకచోట ముదురు నీలంగా, ఒకచోట పాలిపోయి వస్తుంది.

అపోహ: భవనం వంగి వచ్చిందంటే లెన్స్ బాగోలేదు.

వాస్తవం: విధాన సౌధను రోడ్డుకు ఇవతల నుంచి తీసినవాళ్లంతా అడిగేదే ఇది. లెన్స్ తప్పేమీ లేదు. చుట్టూ ఉన్నదాన్ని చదునైన కాగితం మీదికి తెచ్చే పద్ధతిని ప్రొజెక్షన్ అంటారు, తేడా అక్కడుంది. సిలిండ్రికల్ ఎంచుకుంటే నిలువు గీతలు నిటారుగానే ఉంటాయి. కెమెరా ఎత్తులో ఉన్న అడ్డగీత కూడా తిన్నగానే వస్తుంది. దానికి పైనున్న గీతలు మాత్రం మధ్యలో ఎత్తుగా, రెండు కొసల్లో కిందికి వాలతాయి. రెక్టిలీనియర్‌కు మార్చండి, గోడ తిన్నగా అవుతుంది. కానీ 100 డిగ్రీలు దాటితే రెండు కొసలూ విపరీతంగా సాగుతాయి. ఇంత పొడవాటి భవనానికి నేను చెప్పేది ఒకటే: వీలైనంత వెనక్కి వెళ్లి, తక్కువ డిగ్రీల్లో పట్టేలా తీసి, రెక్టిలీనియర్ వాడండి. లాల్‌బాగ్ బండ మీది దృశ్యానికి సిలిండ్రికలే అందం.

హొరైజన్ (నేలా ఆకాశమూ కలిసే గీత) అలలా పైకీ కిందికీ పోవడం వేరే సంగతి. కెమెరా మట్టంగా లేనప్పుడు అలా వస్తుంది. నిలువుగా ఉండాల్సిన రెండు మూడు గీతలను సాఫ్ట్‌వేర్‌లో గుర్తిస్తే సరైపోతుంది.

అపోహ: జనం తిరిగే చోట పానోరమా తీయలేం.

వాస్తవం: తీయొచ్చు. కేఆర్ మార్కెట్ పూల బజారును పై అంతస్తు నుంచి తీసేటప్పుడు ఒక్కో ఫ్రేమునూ రెండు మూడుసార్లు తీసుకోండి. బుట్ట మోసుకెళ్లే మనిషి అతుకు మీద పడని ఫ్రేము ఎంచుకోవచ్చు, లేదా మాస్క్ (ఏ ఫ్రేములో ఏ భాగం తీసుకోవాలో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే గీత) గీసి ఆ మనిషిని ఒకే ఫ్రేము నుంచి తీసుకోవచ్చు.

అపోహ: మంచి సాఫ్ట్‌వేర్ అంటే డబ్బు పెట్టాల్సిందే.

వాస్తవం: హగిన్ (Hugin) అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. పైన చెప్పిన ప్రొజెక్షన్లు, మాస్కులు, నిలువు గీతల సవరణ అన్నీ అందులో ఉన్నాయి. మొదట్లో తికమకగా ఉంటుంది, కానీ లోపల ఏం జరుగుతోందో చూపించి నేర్పే సాఫ్ట్‌వేర్ అది. పీటీగుయ్ (PTGui) అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టాలి, పెద్ద పనులకు వేగంగా ఉంటుంది. లైట్‌రూమ్ ఇప్పటికే ఉంటే మామూలు పానోరమాలకు అది చాలు.

ఏది వాడినా, కలిపాక 100 శాతం జూమ్ చేసి కరెంటు తీగలు, రెయిలింగులు, ఫుట్‌పాత్ అంచులు చూడండి. అతుకు తప్పితే ముందు తెలిసేది వాటిలోనే. విడి ఫ్రేములను మాత్రం డిలీట్ చేయకండి. మాస్క్ మార్చాలన్నా, ప్రొజెక్షన్ మార్చి మళ్లీ కలపాలన్నా అవే కావాలి.