తెరపై మిగిలే నీడ: చార్జి చిక్కిందా, పిక్సెల్ అరిగిందా?

ఉదయం నుంచి తెరిచి ఉంచిన ఎక్సెల్ షీట్‌ను సాయంత్రం మూసేశాక కూడా దాని గళ్లు డెస్క్‌టాప్ మీద పలుచగా కనిపిస్తుంటాయి. టాస్క్‌బార్‌ను దాచినా అది ఉండే చోట ఒక పట్టీ మిగిలిపోతుంది. ఇలాంటి నీడలకు చాలామంది చెప్పే వైద్యం ఒక్కటే: తెరను పూర్తి తెల్లగా ఉంచి కొన్ని గంటలు వదిలేయమంటారు. ఆ వైద్యం ఎల్‌సీడీ రకం తెరకు నిజంగానే పనిచేస్తుంది, ఓలెడ్ రకం తెరను ఇంకా అరగదీస్తుంది. చూడడానికి ఒకేలా ఉన్నా ఈ రెండు నీడల పుట్టుక వేరు కాబట్టి, మన ముందున్నది ఏ రకం తెరో తెలుసుకోకుండా చికిత్సకు దిగకూడదు.

అంతకన్నా ముందు, లోపం తెరదేనా అన్నది తేల్చుకోవాలి. నీడ కనిపిస్తుండగానే స్క్రీన్‌షాట్ తీసి, ఆ చిత్రాన్ని మరో పరికరంలో చూస్తే చాలు. అందులోనూ నీడ ఉంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది; లేకపోతే కంప్యూటర్ సరైన బొమ్మనే తయారుచేస్తోంది, తేడా దారిలోనో తెరలోనో వస్తోంది. పాత వీజీఏ కేబుల్ వాడేవారికి ప్రతి అక్షరానికీ కుడివైపున మరో మసక అక్షరం కనిపిస్తే, అది కేబుల్‌లో సంకేతం కొంత ప్రతిఫలించి ఆలస్యంగా చేరడం వల్ల వచ్చినది. మేడ మీద యాంటెన్నా తిప్పుకుంటూ దూరదర్శన్ చూసిన తరానికి ఈ జంట బొమ్మలు బాగా పరిచయమే. అప్పట్లో సంకేతం కొండలకో భవనాలకో తగిలి ఆలస్యమయ్యేది. కదిలే మౌస్ వెనక తోకలా వచ్చే మసక కూడా వేరే సంగతి, అది పిక్సెళ్లు రంగు మారడంలో జరిగే జాప్యం. ఇక్కడ మనకు కావలసింది కదలకుండా నిలిచిపోయిన నీడ. దాన్ని పట్టుకోవడానికి తెరంతా మధ్యస్థమైన బూడిదరంగుతో నింపడం మంచి పద్ధతి, ఎందుకంటే ఎల్‌సీడీలో వోల్టేజీ కొద్దిగా మారినా వెలుగు బాగా మారేది ఆ మధ్య స్థాయిల్లోనే.

ఎల్‌సీడీ మానిటర్‌లో రెండు గాజు పలకల మధ్య ద్రవ స్ఫటికపు పొర ఉంటుంది. దాని మందం సుమారు 3 నుంచి 5 మైక్రోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో పదోవంతో, అంతకన్నా తక్కువో. వోల్టేజీ ఇచ్చినప్పుడు అందులోని అణువులు వాలు మార్చుకుని, వెనకనున్న దీపపు వెలుగు ఎంత బయటికి రావాలో నిర్ణయిస్తాయి. అవి స్పందించేది విద్యుత్ క్షేత్రపు బలానికే తప్ప దిశకు కాదు. అందువల్ల ఒక ఫ్రేముకు ధన వోల్టేజీ, మరుసటి ఫ్రేముకు రుణ వోల్టేజీ ఇస్తూ పోయినా బొమ్మ మారదు. ఇలా దిశ మార్చడానికి గట్టి కారణమే ఉంది. ఎంత శుద్ధి చేసినా ద్రవ స్ఫటికంలో కొన్ని అయాన్లు, అంటే విద్యుత్ చార్జి ఉన్న కణాలు, మిగిలే ఉంటాయి. వోల్టేజీ ఒకే దిశలో ఉంటే అవి చెరో వైపుకు చేరి, గాజు లోపలి పాలిమర్ పూత దగ్గర పేరుకుంటాయి. సెకనుకు 60 ఫ్రేములు నడిచే మానిటర్‌లో ఫ్రేము ఫ్రేముకూ దిశ తిరగబడుతుంటే వాటికి ఏ వైపూ స్థిరపడే వ్యవధి దొరకదు.

ఆచరణలో మాత్రం రెండు దిశల వోల్టేజీలు సరిసమానంగా ఉండవు. పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలైన ప్రతి ఉపపిక్సెల్‌కూ ట్రాన్సిస్టర్ స్విచ్ ఒకటి ఉంటుంది. అది ఆఫ్ అయ్యే క్షణంలో అక్కడి వోల్టేజీని కొంచెం కిందికి లాగుతుంది. ఆ లాగుడును లెక్కలోకి తీసుకునే ఎదుటి ఎలక్ట్రోడ్ వోల్టేజీని ఫ్యాక్టరీలో సరిచేస్తారు. చిక్కేమిటంటే ఆ లాగుడు పిక్సెల్ కెపాసిటెన్స్ (చార్జిని పట్టి ఉంచే సామర్థ్యం) మీద ఆధారపడుతుంది, కెపాసిటెన్సేమో అణువుల వాలును బట్టి, అంటే అప్పుడు చూపుతున్న వెలుగు స్థాయిని బట్టి మారుతుంది. ఒకే సవరణ అన్ని స్థాయిలకూ అచ్చంగా సరిపోదు. ఎక్సెల్ షీట్‌లో నల్లని గీతలున్న చోట ఒకంత, తెల్లని గళ్లున్న చోట మరొకంత ఏకదిశ వోల్టేజీ మిగిలిపోతుంది, గంటల తరబడి ఆ షీట్ కదలకపోతే అయాన్లు కూడా అదే ఆకృతిలో సర్దుకుంటాయి. షీట్ మూసిన తర్వాతా అవి అక్కడే ఉండి తమ క్షేత్రాన్ని కొత్త బొమ్మకు కలుపుతుంటాయి; మనకు కనిపించే నీడ అదే. వేడికి అయాన్ల సంఖ్యా, కదలికా పెరుగుతాయి కాబట్టి వేసవి మధ్యాహ్నం ఏసీ లేని గదిలో నీడ మరింత సులువుగా పడుతుంది.

తమాషా ఏమిటంటే తొలి ఎల్‌సీడీలు పనిచేసిందే ఈ అయాన్ల మీద. అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థ 1968లో ప్రకటించిన, జార్జ్ హైల్‌మెయర్ బృందం రూపొందించిన ప్రదర్శకాలలో, అయాన్ల ప్రవాహం ద్రవాన్ని కలచివేసి తెల్లగా మసకబార్చడం వల్లే బొమ్మ ఏర్పడేది. 1970లో స్విట్జర్లాండ్‌లోని హాఫ్‌మన్-లా రోష్ ప్రయోగశాలలో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిక్ అణువుల మెలితిరిగిన అమరికను కనిపెట్టాక ఆ ప్రవాహంతో పనిలేకుండా పోయింది, అయాన్లు మలినాల జాబితాలోకి దిగిపోయాయి.

ఓలెడ్ తెరలో వెనక దీపం లేదు, ద్రవ స్ఫటికమూ లేదు. 1987లో కోడాక్ పరిశోధకులు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ వెలువరించిన పలుచని సేంద్రియ పొరల పరికరం నుంచి వచ్చిన ఈ తెరల్లో ప్రతి ఉపపిక్సెల్ తనంతట తానే వెలుగుతుంది, వెలిగినంతసేపూ కొద్దికొద్దిగా అరుగుతుంది. ఎరుపు ఫోటాన్ (కాంతి కణం) శక్తి సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టులైతే నీలం ఫోటాన్‌ది 2.7, అంత శక్తిని మోయాల్సిన నీలం పదార్థమే ముందుగా దెబ్బతింటుంది. కొన్ని ఫోన్ తెరల్లో నీలం చుక్కను మిగతావాటికన్నా పెద్దదిగా చేయడం ఆ భారాన్ని పలుచన చేయడానికే. ఏళ్లపాటు గోడకు వేలాడిన క్యాలెండర్ తీశాక కనిపించే చతురస్రం లాంటిది ఓలెడ్ నీడ: అక్కడ ఏదీ అంటుకోలేదు, ఎండ తగిలిన చోటికీ తగలని చోటికీ తేడా వచ్చిందంతే. పాత సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబ్) తెరల లోపల వెలిగే ఫాస్ఫర్ పూత కూడా ఎలక్ట్రాన్ల తాకిడికి ఇలాగే అరిగేది, స్క్రీన్‌సేవర్ల అవసరం అక్కడే పుట్టింది.

కాబట్టి ఎల్‌సీడీకి తెల్లని తెర వైద్యం అర్థవంతమే. తెరంతా ఒకే స్థాయిలో ఉంటే చోటుకూ చోటుకూ మధ్య తేడా క్రమంగా మాసిపోతుంది. మానిటర్‌ను ఆపేసి వదిలేసినా అయాన్లు వ్యాపనం వల్ల వాటంతటవే చెదిరిపోతాయి, కొత్త నీడ అయితే చాలాసార్లు నిమిషాల్లోనో గంటల్లోనో పోతుంది. వేలితో తెరను నొక్కి రుద్దడం మాత్రం పనికిరాదు. అయాన్లు అలా కదలవు, పలకే పాడవుతుంది.

ఓలెడ్‌కు అదే తెల్లని తెర పెడితే అరిగిన పిక్సెళ్లు బాగుపడవు, అరగనివి అరుగుతాయి. మెనూలో ఉండే పిక్సెల్ రిఫ్రెష్ కూడా పోయిన పదార్థాన్ని తిరిగి తేలేదు. అది ఎవరెంత అరిగారో కొలిచి, వెనకబడిన పిక్సెళ్లకు కరెంటు పెంచి సమం చేస్తుంది. ఆ అదనపు కరెంటు వాటిని మరింత వేగంగా అరగదీస్తుంది కాబట్టి తయారీదారు సూచించినప్పుడు తప్ప చేయించకపోవడం మేలు. నిజంగా ఉపయోగపడేవి చప్పగా అనిపించే జాగ్రత్తలే: వెలుగు తగ్గించడం, టాస్క్‌బార్ దానంతటదే దాక్కునేలా పెట్టడం, పక్కకు లేచి వెళ్లినప్పుడు తెర త్వరగా ఆరిపోయేలా చూడడం. వీటిలో వెలుగుదే పెద్ద వాటా, ఎందుకంటే ప్రకాశం రెండింతలైతే ఓలెడ్ ఆయుష్షు సగం కన్నా తక్కువకు పడిపోతుంది.

రోజులు గడిచినా ఎల్‌సీడీ నీడ పోకపోతే పూతలోనో స్ఫటికంలోనో శాశ్వతమైన మార్పు వచ్చిందని అనుకోవాలి. వారంటీ ఉంటే అడగవచ్చు. లేనప్పుడు పలక మార్పిడికయ్యే ఖర్చు తరచుగా కొత్త మానిటర్ ధరకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఫొటోలు దిద్దడం లాంటి పనులకు వేరే తెర చూసుకుని దీన్ని మామూలు రాతపనికి వాడుకోవచ్చు.