దర్వాజకు చెదలు, దవడకు గడ్డ

దేవరకొండ నుంచి ఒక పాఠకుడు రాశారు: "మా బామ్మర్దికి కింది దవడ ఉబ్బింది. నొప్పి లేదు. అది అమెలోబ్లాస్టోమా, క్యాన్సర్ కాదన్న డాక్టరే ఎముక కోయాలంటున్నాడు. గీకి తీస్తే సరిపోదా?"

అమెలోబ్లాస్టోమా అంటే దవడ ఎముకలో పెరిగే ఒక గడ్డ. దాని పేరు పంటి మీద పింగాణీ పొర కట్టే అమెలోబ్లాస్టు కణాల నుంచి వచ్చింది. నల్లగొండోళ్లకు వీటిని వేరే పరిచయం చేయక్కర్లేదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ చిన్నప్పుడు వీటి పని చెడగొట్టినందుకే మనకు గారపళ్లు. (గారపళ్లున్నవాళ్లు టెన్షన్ పడొద్దు, ఫ్లోరైడ్‌తో ఈ గడ్డ వస్తుందని తేలలేదు.) పన్ను బయటికొచ్చాక వీటి పని అయిపోతుంది. కానీ పన్నును తయారుచేసిన కణజాలం తునకలు కొన్ని దవడలో మిగిలిపోతాయి. గడ్డ ఎక్కువగా వాటి నుంచే మొదలవుతుంది. వీటిలో చాలా గడ్డల్లో బ్రాఫ్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారి, 'పెరుగు' అన్న ఆజ్ఞ ఆగకుండా నడుస్తుందని 2014లో కనుక్కున్నారు.

ఇక అసలు సంగతి. దర్వాజకు చెదలు పట్టినప్పుడు చూశారా? పైన రంగు చెక్కుచెదరదు. వేలితో నొక్కితే లోపలికి పోతుంది. ఈ గడ్డా అంతే. ఎముక లోపల డొల్లై పైపెంకు పలచబడుతుంది, ముదిరాక నొక్కితే గుడ్డు పెంకులా చిటపటమంటుంది. ఎక్స్‌రేలో తేనెపట్టు గదుల్లా కనిపిస్తుంది, పక్క పళ్ల వేర్లు అరిగిపోయి ఉంటాయి. నొప్పి లేదు కాబట్టి జనం దిష్టి తీయించి, పసరు కట్టి ఏళ్లు గడుపుతారు. నాకు బాధ కలిగేది అక్కడే. ఆ ఏళ్లన్నీ ఎముక పోతూనే ఉంటుంది.

చెదను గీకి రంగేస్తే వచ్చే వానాకాలానికి మళ్లీ లేస్తుంది. ఎక్స్‌రేలో అంచు కనిపించిన చోట గడ్డ ఆగదు, దాని కణాలు ఎముకలోని సన్న సందుల్లోకి పాకి ఉంటాయి. అందుకే వడ్లాయన తిన్న చోటు దాటి మంచి కట్టెలోకి కోసినట్టు, సర్జన్ కనిపించే అంచు దాటి 1 నుంచి 2 సెంటీమీటర్లు మంచి ఎముక కలిపి తీస్తారు. అతుకు కట్టె కాలి నుంచి వస్తుంది. పిక్క పక్కనుండే సన్నని ఎముక మన బరువు పెద్దగా మోయదు. దాన్ని రక్తనాళంతో సహా తీసి, దవడ వంపుకు తగ్గట్టు ముక్కలు చేసి, మెడలోని నాళాలకు మైక్రోస్కోప్ కింద కుడతారు. తర్వాత దాంట్లోనే ఇంప్లాంట్ పళ్లు బిగించవచ్చు.

మీ బామ్మర్ది బయాప్సీ రిపోర్టులో 'యూనిసిస్టిక్' అని ఉందేమో చూడండి. అది ఒకే సంచిలా పెరిగే రకం. గడ్డ ఆ సంచి గోడలోకి పాకకపోతే ఎముక కోయకుండానే తీయొచ్చు. ఆ సంగతి డాక్టర్‌ను అడగండి. ఎలా తీసినా ఏళ్ల తరబడి ఎక్స్‌రే తీయించుకుంటూ ఉండాలి. పదేళ్ల తర్వాత కూడా ఇది తిరిగొచ్చిన సందర్భాలున్నాయి.