అండాశయాలు తీసేశాక రెడ్ క్లోవర్ సరిపోతుందా? అపోహలు - వాస్తవాలు

ఈమధ్య నా ఓపీకి వచ్చే ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగుల్లోంచి తరచుగా బయటికొస్తున్న సీసా రెడ్ క్లోవర్. అమెరికాలో ఉన్న కూతురు పంపిందో, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నదో అయి ఉంటుంది. యూరప్‌లో పశువుల మేతకు వేసే గులాబీరంగు పూల మొక్క ఇది. ఉత్తరాది పాడిరైతులు పండించే బర్సీమ్‌కు దగ్గరి చుట్టం. ఇందులోని ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు కొంతవరకు ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌లా పనిచేస్తాయి కాబట్టి మెనోపాజ్ ఆవిర్లకు అమ్ముతున్నారు. దీని గురించి వాట్సాప్‌లో తిరిగే మాటల్లో ఒకటి మనవాళ్లను నిజంగా దెబ్బతీస్తోంది. ముందు దాని సంగతి.

అపోహ: గర్భసంచి తీయించుకున్నవాళ్లు హార్మోన్ మాత్రలకు బదులు ఇది వేసుకుంటే చాలు.

వాస్తవం: చాలదు. అండాశయాలు కూడా తీసేసి ఉంటే అస్సలు చాలదు. ఎముకలను కాపాడే ఈస్ట్రోజన్ ముఖ్యంగా తయారయ్యేది అక్కడే.

దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. అదీ ముప్పైల్లోనే. నా దగ్గరికి వచ్చిన ఒకావిడకు తెల్లబట్ట అవుతోందని వెళితే, "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి, ముప్పై ఆరేళ్లకే గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. తర్వాత ఎవరో హార్మోన్ మాత్ర రాశారు. అది రొమ్ము క్యాన్సర్ తెస్తుందని పక్కింట్లో ఎవరో అన్నారట, ఆపేసి రెడ్ క్లోవర్ మొదలుపెట్టింది. నలభై మూడేళ్లకు బాత్రూమ్‌లో జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ చూస్తే ఎముకలు గుల్లబారి ఉన్నాయి. "ఆవిర్లు తగ్గాయి కదా మేడమ్, మందు పనిచేస్తోందనే అనుకున్నా" అంది. ఆమెను ఏమని తప్పుపడతాం? భయపెట్టినవాళ్లే గానీ కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు.

ఆవిర్లు తగ్గినంత మాత్రాన ఎముకలకు రక్షణ దొరికినట్టు కాదు. అసలు ఆ తగ్గడం కూడా మొక్క గొప్పతనమని నమ్మకంగా చెప్పలేం. 2003లో అమెరికాలో 252 మంది మీద 12 వారాలు చేసిన పరీక్షలో రెండు రకాల రెడ్ క్లోవర్ మాత్రలనూ మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. రోజుకు ఎనిమిది దాకా వచ్చే ఆవిర్లు మూడు గుంపుల్లోనూ అయిదు దగ్గరికి దిగాయి. కొన్ని చిన్న అధ్యయనాల్లో కాస్త మేలు కనిపించింది, లేదనను. కానీ ముప్పై ఆరేళ్లకే ఆగిపోయిన ఈస్ట్రోజన్‌ను ఈ మాత్ర భర్తీ చేస్తుందని ఏ అధ్యయనమూ చూపలేదు.

మరి హార్మోన్ అంటే ఇంత భయం ఎందుకు? 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనాన్ని మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపి వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ కొంత పెరగడం అందుకు ఒక కారణం. ఆ వార్త ఊరూరా పాకింది. అందులో చేరినవాళ్ల సగటు వయసు 63 అని మాత్రం ఎవరూ చెప్పలేదు. అదే అధ్యయనంలో గర్భసంచి లేనివాళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చారు. వాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ముప్పైల్లో అండాశయాలు పోయిన మనిషికి ఆ హార్మోన్‌ను సహజంగా ముట్లు ఆగే వయసు దాకా, సుమారు యాభై వరకు, తిరిగి ఇవ్వడమే వైద్యం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డలు కట్టే సమస్య ఉన్నవాళ్లకు లెక్క వేరు. అది మీ డాక్టరు చూసుకుంటారు.

అపోహ: మొక్కే కదా, ఏం చేస్తుంది?

1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇదే జాతికి చెందిన మరో క్లోవర్ మేసిన గొర్రెలు చూలు నిలవక మందలు మందలుగా గొడ్డుపోయాయి. కారణం ఈ ఐసోఫ్లేవోన్లే. మనం వేసుకునే మోతాదులో అంత జరుగుతుందని కాదు. ఈ పదార్థాలకు ఒంట్లో పని ఉందని మాత్రం మరిచిపోవద్దు. రొమ్ము క్యాన్సర్ వచ్చి టామోక్సిఫెన్, లెట్రోజోల్ వాడేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా. రక్తం పలచబరిచే వార్ఫరిన్, కీళ్లవాతం లాంటివాటికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ముట్టుకోవద్దు.

అపోహ: రక్తాన్ని శుద్ధి చేస్తుంది, క్యాన్సర్‌ను కరిగిస్తుంది.

హాక్సీ అనే అతను అమెరికాలో అమ్మిన క్యాన్సర్ టానిక్‌లో రెడ్ క్లోవర్ ఉండేది. పనిచేస్తుందన్న రుజువు లేక అక్కడి ప్రభుత్వం 1960లో దాని అమ్మకాన్నే నిషేధించింది. ఇంతకంటే దీనిమీద సమయం వృథా చేయను.

ఇంకొక్క మాట. గర్భసంచి ఉండి, ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా "మాత్ర ప్రభావమేలే" అని ఊరుకోకండి, ఆ వారంలోనే చూపించుకోండి.

ఆపరేషన్ అయినవాళ్లు డిశ్చార్జి కాగితం వెతకండి. అందులో 'బీఎస్‌ఓ' అని ఉంటే రెండు అండాశయాలూ తీసేశారన్నమాట. కాగితం పోయిందా, కంగారు పడొద్దు. అల్ట్రాసౌండ్, అండాశయాల పనితీరు తెలిపే ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయిస్తే చాలావరకు తెలిసిపోతుంది. వచ్చేటప్పుడు ఆ సీసా కూడా తెచ్చుకోండి. నేనేమీ కోప్పడను.