ఫిగర్ స్కేటింగ్: బాగా చేసినవాళ్లకి స్వర్ణం ఎందుకు రాలేదు?

1972 సపోరో వింటర్ ఒలింపిక్స్‌లో మహిళల ఫిగర్ స్కేటింగ్ స్వర్ణం ఆస్ట్రియాకి చెందిన బియాట్రిక్స్ షూబాకి వచ్చింది. సంగీతానికి తగ్గట్టు ఎగురుతూ తిరుగుతూ చేసే ఫ్రీ స్కేట్‌లో మాత్రం ఆమెది ఏడో స్థానం. ఆ రౌండ్‌లో అందరికంటే బాగా చేసిన అమెరికన్ జానెట్ లిన్‌కి దక్కింది కాంస్యం. ఇందులో మోసం ఏమీ లేదు, అప్పటి రూల్సే అలా ఉన్నాయి. మొత్తం మార్కుల్లో సగం కంపల్సరీ ఫిగర్స్‌కి పోయేవి. అంటే ఒంటికాలి మీద జారుతూ మంచు మీద 8 అంకె లాంటి గీతలు గీయాలి, మళ్లీ అదే గీత మీద తప్పకుండా వెళ్లాలి, ఆ తర్వాత జడ్జీలు దగ్గరికొచ్చి వంగి ఆ గీత ఎంత శుభ్రంగా పడిందో చూసి మార్కులు వేసేవారు. ఆ పనిలో షూబాకి సాటి లేరు. అంతకుముందైతే ఈ గీతల వాటా 60 శాతం దాకా ఉండేది.

కానీ టీవీలో జనం చూసేది ఫ్రీ స్కేట్ ఒక్కటే. తాము చూడని దాంట్లో గెలిచిన మనిషికి స్వర్ణం ఇస్తుంటే వాళ్లకి ఏం అర్థమవుతుంది? ఆ ఒత్తిడితోనే 1973లో షార్ట్ ప్రోగ్రామ్ (నిర్ణయించిన జంప్‌లు, స్పిన్‌లు చేసి చూపించే చిన్న రౌండ్) తెచ్చి ఫిగర్స్ వాటా 40 శాతానికి దించారు, తర్వాత 30కి దించారు, 1990 తర్వాత అంతర్జాతీయ పోటీల్లో పూర్తిగా తీసేశారు. తీసేయడం సరైనదే అంటాను. అయితే బ్లేడు అంచు మీద పట్టు నేర్పింది ఆ గీతలే, వాటితో పోయిన ఆ ఓపిక మళ్లీ రాలేదన్న పాతతరం కోచ్‌ల బాధలోనూ నిజం ఉంది.

అసలు కుదుపు 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో వచ్చింది. జంటల పోటీలో రష్యాకి చెందిన బెరెజ్నయా, సిఖరులిద్జె జంట ఒక జంప్‌లో తడబడింది, కెనడా జంట సాలె, పెల్టియె తప్పు లేకుండా ముగించారు, అయినా తొమ్మిది మంది జడ్జీల్లో అయిదుగురు రష్యా జంట వైపే ఉన్నారు. తన ఓటు కోసం తమ దేశ ఫెడరేషన్ నుంచే ఒత్తిడి వచ్చిందని ఫ్రాన్స్ జడ్జి మొదట చెప్పి, తర్వాత మాట మార్చారు. చివరికి కెనడా జంటకి కూడా స్వర్ణం ఇవ్వాల్సి వచ్చింది. అప్పటిదాకా ఉన్న 6.0 పద్ధతిలో (అత్యధిక మార్కు 6.0) మార్కు అనేది పైకి కనిపించే అంకె మాత్రమే, లెక్కలోకి వచ్చేది ఆ జడ్జి ఎవరిని ఎన్నో స్థానంలో పెట్టారన్నదే. కాబట్టి ఒక్క జడ్జి అటు తిరిగితే పతకమే మారిపోయేది.

దాంతో 2004లో అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ కొత్త పాయింట్ల పద్ధతి తెచ్చింది. ప్రతి జంప్‌కీ, స్పిన్‌కీ ఒక బేస్ విలువ ఉంటుంది, దాన్ని ఎంత బాగా చేశారన్నదాన్ని బట్టి జడ్జీలు పెంచుతారు లేదా తగ్గిస్తారు, కళాత్మకతకి వేరే మార్కులు. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఒత్తిడి తగ్గిస్తామంటూ ఏ మార్కు ఏ జడ్జి వేశారో బయటికి తెలియకుండా దాచేశారు! జడ్జీల మీద నమ్మకం పోయినందుకు తెచ్చిన పద్ధతిలో జడ్జీలకే ముసుగు వేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో దక్షిణ కొరియాకి చెందిన కిమ్ యునాకి రజతం, సొంతగడ్డ మీద రష్యా అమ్మాయి సోత్నికోవాకి స్వర్ణం వచ్చినప్పుడు కొరియాలో అంత కోపం రేగడానికి ఇదీ ఒక కారణం. ఆ ముసుగు తీయాలని 2016లో గానీ నిర్ణయించలేదు.

పాయింట్ల పద్ధతి ఇంకో దారి కూడా తెరిచింది. ప్రోగ్రామ్ రెండో సగంలో చేసే జంప్‌లకి 10 శాతం అదనం అన్నారు. 2018 ఒలింపిక్స్‌లో రష్యాకి చెందిన 15 ఏళ్ల అలీనా జగితోవా ఫ్రీ స్కేట్‌లో తన జంప్‌లన్నీ రెండో సగంలోకే జరిపి స్వర్ణం గెలిచింది. వెంటనే ఆ బోనస్‌ని షార్ట్‌లో చివరి ఒక్క జంప్‌కి, ఫ్రీ స్కేట్‌లో చివరి మూడింటికి పరిమితం చేశారు. క్వాడ్ జంప్‌లకి పాయింట్లు ఎక్కువ, సన్నగా తేలిగ్గా ఉండే చిన్నపిల్లలకి గాల్లో నాలుగుసార్లు తిరగడం సులువు, కాబట్టి కోచ్‌లు వాళ్ల మీదే పడ్డారు.

వయసు రూల్ కొత్తదేమీ కాదు. 1924లో సోన్యా హెనీ 11 ఏళ్లకే ఒలింపిక్స్‌లో దిగింది గానీ, 2006 ఒలింపిక్స్ సమయానికి, అంతకుముందు ఏడాది జులై 1 లోపే 15 నిండి ఉండాలన్న నిబంధన ఉంది. అప్పటికే గ్రాండ్ ప్రి ఫైనల్ అనే పెద్ద పోటీ గెలిచిన జపాన్ అమ్మాయి మావో అసాదా మూడు నెలలైనా లేని తేడాతో ఆ ఒలింపిక్స్ జరిగిన టురిన్ వెళ్లలేకపోయింది. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో రష్యాకి చెందిన 15 ఏళ్ల కమీలా వలియేవా డోపింగ్ కేసు నడుస్తుండగానే మంచు మీదికి దిగి, పదేపదే పడిపోయి, నాలుగో స్థానంలో మిగిలింది. ప్రపంచం మొత్తం చూస్తుండగా ఒక పిల్లని ఆ స్థితికి తెచ్చింది చుట్టూ ఉన్న పెద్దవాళ్లే. అదే ఏడాది జూన్‌లో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో జరిగిన స్కేటింగ్ యూనియన్ సమావేశంలో సీనియర్ పోటీల కనీస వయసుని దశలవారీగా 17కి పెంచుతూ 100 మంది ఓటేశారు, 16 మంది వ్యతిరేకించారు.

ఈ మార్పుని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, కానీ ఇది సీనియర్లకే వర్తిస్తుంది. రష్యాకి చెందిన అలెగ్జాండ్రా త్రూసోవా 2018 జూనియర్ ప్రపంచ పోటీల్లో రెండు క్వాడ్‌లు వేసినప్పుడు ఆమె వయసు 13. జూనియర్‌లో కనీస వయసు ఇప్పటికీ అదే 13, క్వాడ్‌కి వచ్చే పాయింట్లు అక్కడా ఎక్కువే.