పన్ను వసూలుకు ఎవరిని పంపాలి?

మార్చి వచ్చిందంటే మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పంచాయతీ పన్నులు వసూలు చేసే కారోబార్‌కు తీరిక ఉండదు. రసీదు బుక్కు పట్టుకుని ఇంటి పన్ను, నల్లా బిల్లు కోసం ఇల్లిల్లూ తిరుగుతాడు. ఎవరు పత్తి అమ్ముకున్నారో, ఎవరింటికి బొంబాయి నుంచి పైసలొచ్చాయో, ఎవరు ఆస్పత్రి ఖర్చులతో సతమతమవుతున్నారో ఆయనకు తెలుసు. పేద దేశాల పన్నుల మీద పనిచేసే ఆర్థికవేత్తలు ఈమధ్య పట్టుకున్నది సరిగ్గా ఈ విషయాన్నే. పన్ను ఎంత వేశారన్నదే కాదు, వసూలుకు ఎవరు వెళ్తున్నారన్నది కూడా రాబడిని తేలుస్తుంది.

కాంగోలోని కనంగా నగరంలో 2018లో ఒక ప్రయోగం జరిగింది. వాడలను లాటరీ పద్ధతిలో విడదీసి, ఆస్తిపన్ను కోసం కొన్నింటికి ప్రభుత్వ సిబ్బందిని, కొన్నింటికి ఆ వాడ పెద్దలను పంపారు. పెద్దలు తిరిగిన చోట రాబడి 44 శాతం ఎక్కువ వచ్చింది. పెద్దమనిషి మొహం చూసి కట్టారేమో అనిపిస్తుంది. కానీ కొన్ని వాడల్లో సిబ్బందే వెళ్లారు, వెళ్లేముందు మాత్రం ఏ ఇంటివాళ్లు కట్టేలా ఉన్నారో పెద్దలను అడిగి తెలుసుకున్నారు. అక్కడా వసూళ్లు పెరిగాయి. అంటే పనిచేసింది మొహమాటం కాదు, సమాచారం. అయితే పెద్దలు లంచాలు కూడా ఎక్కువే తీసుకున్నారు.

పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో ఇంకో దారి పట్టారు. ఆస్తిపన్ను సిబ్బందికి వసూళ్లను బట్టి అదనపు డబ్బు ఇచ్చారు. రెండేళ్లలో రాబడి పెరిగిన వేగం మిగతా చోట్ల కంటే 46 శాతం ఎక్కువ. కానీ ఆ పెరుగుదలంతా, అసలు విలువ కొత్తగా లెక్కకెక్కిన కొద్దిపాటి ఆస్తుల నుంచే వచ్చింది. మిగిలినవాళ్లలో ఎక్కువమంది కట్టే పన్ను పెరగలేదు, లంచం పెరిగిందని చెప్పారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. “నీ ఇల్లు ఉన్నదున్నట్టు రాస్తే నాకు ఇంత వస్తుంది, వద్దంటే అంతకు మించి ఇయ్యి” అనే బేరం ఉద్యోగి చేతికొచ్చింది.

ఈ బేరం మన తాతముత్తాతలు పడ్డదే. నిజాం రాజ్యంలో శిస్తు వసూలును గుత్తకిచ్చేవారు. ఖజానాకు ఒప్పుకున్నది కట్టేస్తే చాలు, రైతును ఎంత పిండినా అడిగే దిక్కు లేదు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఆ పద్ధతి తీసేసి జీతగాళ్లను పెట్టాడు. పాత వసూలుదార్లయిన దేశ్‌ముఖ్‌లకు పరిహారంగా వతన్లు, అంటే వంశపారంపర్య హక్కులు, దక్కాయి. ఊరి లెక్కలన్నీ తెలిసింది వాళ్లకే కాబట్టి, భూముల సర్వేలు జరిగినప్పుడు వేల ఎకరాలు వాళ్ల పేర్ల మీదికి ఎక్కాయి. 1946లో నల్లగొండ జిల్లా రైతులు తిరగబడింది ఆ దొరల మీదే.

అందుకే వసూళ్లలో వాటా ఇద్దామన్న మాట వింటే నాకు భయమేస్తుంది. కారోబార్‌కు తెలిసింది వాడుకోవాలి, కానీ అది ఆయన ఒక్కడి దగ్గరే ఉండిపోకూడదు.

కనంగాలోనే అంతకుముందు జరిగిన ఇంకో వసూలు కార్యక్రమంలో, పన్ను అడగని వాడల్లో 0.1 శాతం మంది కడితే, అడిగిన వాడల్లో 11.6 శాతం మంది కట్టారు. నాకు అంతకంటే గొప్పగా తోచింది వేరే ఉంది. పన్ను అడిగిన వాడల్లో జనం ప్రభుత్వం పెట్టిన సభలకు ఎక్కువగా వెళ్లారు, పనితీరు మీద అభిప్రాయాలు రాసిచ్చారు. మన గ్రామసభలోనూ ఈ ఏడు ఎంత వసూలైంది, మోరీలకు ఎంత, వీధి లైట్లకు ఎంత పోయింది అని కార్యదర్శి చదివి వినిపించాలి. ఎవరింటికి ఎంత పన్ను రాశారో పంచాయతీ గోడకు అంటించాలి. బంగ్లాకు రేకుల ఇంటి పన్ను పడితే అడగడానికి ఊళ్లో మనుషులున్నారు.